అందరూన్ నుంచి ఇంటీరియర్ దాకా: దూరపు ఊళ్లకు పట్నం పెట్టిన పేర్లు

హైదరాబాద్ పాతబస్తీలో దూరపు పల్లెకున్న పేర్లు ఒకే భాషవి కావు, ఒకే కాలానివీ కావు. దక్కనీ మాట్లాడే ఇంట్లో అది గావ్, దేహాత్. చిరాకు కలిస్తే జంగల్. ఉర్దూ పత్రికలో అది అజ్లా. లాల్‌దర్వాజాలోనో గౌలిపురాలోనో ఉండే తెలుగింట్లో అది ఊరు, పల్లె. చిన్నచూపు తోడైతే అడివి. కాలేజీ పిల్లల నోట డిస్ట్రిక్ట్స్, ఉద్యోగుల నోట ఇంటీరియర్. అక్కడినుంచి వచ్చిన మనిషికి మరో వరస ఉంది: గావ్‌వాలా, గఁవార్, దేహాతీ, జంగ్లీ, పల్లెటూరి బైతు, ఎర్రబస్సు. ఈ మాటల్లో చాలాభాగం వీధిలో పుట్టినవి కావని, సర్కారు దఫ్తరులో పుట్టి వీధికి దిగినవని చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

దఫ్తరు మాటలకు మూలం నగరపు నిర్మాణంలో ఉంది. మూసీ మీద పురానాపూల్ 1578లో వచ్చింది, చార్మినార్ 1591లో. నగరం చుట్టూ రాతి గోడ మాత్రం చాలా ఆలస్యంగా, 18వ శతాబ్దం మొదటి సగంలో లేచింది. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ఆ గోడను మొదటి ఆసఫ్‌జా పూర్తిచేయించాడు. దానికి డజనుకు పైగా దర్వాజాలు, వాటి నడుమ చిన్నచిన్న ఖిడ్కీలు. గోడ లోపలి భాగం అందరూన్-ఎ-బల్దా, వెలుపలి భాగం బేరూన్-ఎ-బల్దా. బల్దా అంటే నగరం. పురపాలక సంస్థను తెలుగు పత్రికలు నేటికీ బల్దియా అనడం ఆ మాట కొనసాగింపే. గోడ వెలుపల పేటలు దాటితే నగరం చుట్టూ ఉన్న పల్లెల వలయం వస్తుంది. నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఆ వలయం ఒక జిల్లాగా ఉండేది. దాని పేరే అత్రాఫ్-ఎ-బల్దా, నగరపు చుట్టుపక్కలు. అది కూడా దాటితే అజ్లా, అంటే జిల్లాలు. లోపల, బయట, చుట్టుపక్కల, ఆపైన మిగిలినదంతా: రాజ్యం మొత్తాన్ని కొలవడానికి చార్మినార్ దగ్గర నిలబడి నాలుగు గీతలు గీసినట్టుంటుంది ఈ ఏర్పాటు. ఈ నాలుగు పేర్లలో ఒక్కటీ తిట్టు కాదు. కానీ ఏ ఊరినీ దాని పేరుతో పిలవనక్కర లేకుండా, నగరానికి ఎంత ఎడంగా ఉందో చెబితే చాలునన్న అలవాటును ఇవే నేర్పాయి. వీధి ఆ అలవాటునే అందుకుంది.

గోడ ఉన్నంతకాలం హద్దు కంటికి కనిపించేది. రాత్రి పూట దర్వాజాలు మూసేవారు. పొద్దుగూకాక బండి తోలుకొచ్చిన రైతు తెల్లవారేదాకా బయటే పడుండాలి. అతన్ని బయటివాడు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలను తొలగించి రోడ్లు వేసింది. క్రమంగా గోడ కూడా పోయింది. ఇప్పుడు నిలిచి ఉన్నవి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు. అలియాబాద్, లాల్‌దర్వాజా, ఫతేదర్వాజా, యాకుత్‌పురా వంటివి బస్తీల పేర్లుగా మిగిలాయి. 1948 తర్వాత సర్ఫ్-ఎ-ఖాస్ రద్దయింది. అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ అనే రెండు జిల్లాలు కలిసి హైదరాబాద్ జిల్లా అయ్యాయి. 1978లో ఆ జిల్లా గ్రామీణ భాగం రంగారెడ్డి జిల్లాగా విడిపోయింది. గోడా పోయింది, జిల్లా పేరూ పోయింది. లోపలివాళ్లు, బయటివాళ్లు అన్న లెక్క మాత్రం పోలేదు.

బల్దా అన్న మాటకు దూరదేశంలో ఒక చుట్టం ఉంది. అల్జీరియాలో పనిచేసిన ఫ్రెంచి సైనికులు అక్కడి అరబ్బీ వాడుక నుంచి బ్లెద్ అనే మాటను తమ దేశానికి తీసుకెళ్లారు. ఫ్రెంచి యాసలో దాని అర్థం ఎక్కడో విసిరేసినట్టున్న పల్లె. బల్దా, బ్లెద్ రెండింటిదీ ఒకటే ధాతువు. ఏలినవాడు నగరంలో కూర్చుంటే అది నగరమయింది, సముద్రం అవతల కూర్చుంటే అదే కుగ్రామమయింది. అమెరికా ఇంగ్లీషులో బూన్‌డాక్స్ కథ కూడా ఇలాంటిదే. ఫిలిప్పీన్స్ యుద్ధానికి వెళ్లిన అమెరికన్ సైనికులు అక్కడి తగాలొగ్ భాషలో కొండకున్న బుందోక్ అనే పేరును తెచ్చి, దిక్కుమాలిన చోటన్న అర్థంలో వాడుకలో పెట్టారు. దూరపు ఊరిని హేళన చేసే మాటను తరచూ ఆ ఊరివాళ్ల నుంచే ఎత్తుకురావడం ఏలేవాళ్ల భాషలకు అలవాటు.

రెవెన్యూ దఫ్తరు నుంచి వచ్చిన మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్న పల్లె మజరా. తెలంగాణలో దాన్నే శివారు గ్రామం అనీ అంటారు. మనుషులు వదిలిపోయి, పేరు మాత్రం రికార్డులో మిగిలిన ఊరు బేచిరాగ్, అంటే దీపం లేనిది. ఆదాయం రాని భూమిని గుర్తుపెట్టుకోవడానికి ఏ మున్షీయో వాడిన ఈ మాటలో కవులు కూడా అసూయపడే బిగువు ఉంది. బ్రిటిష్ వైపు నుంచి వచ్చినది మొఫసిల్. దాని అరబ్బీ మూలానికి విడదీసినది అని అర్థం. కంపెనీ పాలనలో రాజధాని నగరం సదరు, మిగిలిన జిల్లాలు మొఫసిల్. కోస్తా తెలుగు పత్రికల్లో మొఫసిల్ విలేకరి అన్న మాట చాలాకాలం నడిచింది. జీతం తక్కువ, చాకిరీ ఎక్కువ అనే అర్థాలు దానికి అనుభవం మీద కలిశాయి.

సంస్కృతం నుంచి వచ్చిన చిన్నచూపు వీటన్నిటికంటే పాతది. నగరం నుంచి నాగరికుడు వచ్చాడు, గ్రామం నుంచి గ్రామ్యుడు. మొదటివాడు మర్యాద తెలిసినవాడు, రెండోవాడు తెలియనివాడు. గ్రామసింహం అంటే కుక్క. పల్లెకు సింహాన్ని ఇచ్చినట్టే ఇచ్చి కుక్కతో సరిపెట్టిన ఈ హాస్యం ఏ పల్లెటూరివాడూ చేసింది కాదు. తెలుగు వ్యాకరణం ఈ వివక్షను శాస్త్రంగా మార్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం తత్సమ, తద్భవ, దేశ్యాలతో పాటు గ్రామ్యమనే నాలుగో తరగతిని పెట్టి, లక్షణానికి లొంగని మాటలను అందులోకి నెట్టింది. ఆ తర్వాత శిష్టవ్యావహారికం కోసం గిడుగు వెంకట రామమూర్తి పోరాడినప్పుడు ఎదుటి పక్షంవారు ఆయన కోరిన భాష మీద వేసిన ముద్ర కూడా గ్రామ్యమనే. నిజానికి ఆ భాష చదువుకున్న పట్నవాసుల ఇళ్లలో రోజూ మాట్లాడుకునేదే. యూరపులోనూ ఇదే జరిగింది. లాటిన్‌లో పొలం కమతం మీద బతికేవాడికున్న పేరు నుంచి ఇంగ్లీషు విలన్ పుట్టింది. పల్లెవాడన్న మాట నుంచే పేగన్ వచ్చింది. అయితే పల్లెకు సంబంధించిన ప్రతి మాటా దిగజారలేదు. జానపదం గౌరవం సంపాదించుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన ఆ గౌరవానికి విద్యాపీఠపు ముద్ర వేసింది. అర్థం దాదాపు ఒకటే అయిన రెండు మాటల్లో ఒకటి తిట్టుగా, ఒకటి పాఠ్యాంశంగా మారడానికి కారణం మాటల్లో లేదు, వాటిని ఎవరు చేపట్టారన్నదానిలో ఉంది.

కుగ్రామం విషయం వింతగా ఉంటుంది. ముందున్న కు అనే అవ్యయానికి చెడ్డ అని అర్థం. అయినా పత్రికలవాళ్లు దాన్ని పొగడ్తకే వాడతారు. ఎవరైనా పెద్ద ఉద్యోగం సాధిస్తే చాలు, అతను మారుమూల కుగ్రామంలో పుట్టి ఉంటాడు. సొంత ఊళ్లో సన్మానానికి వెళ్లిన ఆ అధికారి, వేదిక మీద ఆ మాట విని ఊరివాళ్లతో కలిసి చప్పట్లు కొడతాడు.

వీధి మాటలకు వస్తే, పాతబస్తీలో అవి ముందుగా బజారులో వినిపిస్తాయి. మీరాలం మండికి కూరగాయలతో, బేగంబజార్‌కు కిరాణా సరుకుల కోసం, పెళ్లిళ్లకు బట్టలూ గాజులూ కొనడానికి పత్తర్‌గట్టీకి, లాడ్‌బజార్‌కు పల్లెజనం తరతరాలుగా వస్తున్నారు. బేరమాడే మనిషి ఏ ఊరివాడో కొట్టువాడికి తెలియడం అవసరం. ధర అతని మాటతీరును బట్టి ఉంటుంది. గావ్‌వాలా అన్నది ఆ అంచనాకు పెట్టిన పేరు. అందులో తిట్టు తక్కువ, లెక్క ఎక్కువ. గఁవార్ అన్నప్పుడు తిట్టు పూర్తవుతుంది. జంగ్లీలో మనిషి పోయి అడవే మిగులుతుంది. తెలుగులో పల్లెటూరి బైతు, పల్లెటూరి గబ్బిలాయి అనేవాటిలో కోపం కంటే నవ్వు పాలు ఎక్కువ. ట్రాఫిక్ లైటు దగ్గర తికమకపడేవాణ్ణి, లిఫ్టు ఎక్కడానికి జంకేవాణ్ణి చూసి వేసే మాటలవి.

ఇలాంటి తిట్టును పేరుగా తగిలించుకున్న కవి కూడా దక్కనీలో ఉన్నాడు. హాస్య కవిత్వం రాసిన నజీర్ దహ్కానీ కలం పేరుకు అర్థం పల్లెటూరివాడు అనే. దేహాత్, దహ్కాన్ ఒకే పారశీక కుటుంబపు మాటలు. గిల్లీ నల్గొండవీ అనే మరో దక్కనీ హాస్యకవి తన జిల్లానే పేరులో పెట్టుకున్నాడు. ఢిల్లీ, లక్నో కవుల పేర్ల వెనక దేహ్లవీ, లఖ్నవీ ఉంటే అది ప్రతిష్ఠ. నల్గొండవీ అనేసరికి ముషాయిరాలో ముందే నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వును కవి తన పెట్టుబడిగా మార్చుకున్నాడు. 1962లో హైదరాబాద్‌లో మొదలైన జిందాదిలాన్ అనే సంస్థ, 1968 నుంచి వెలువడిన షుగూఫా పత్రిక ఉర్దూ హాస్యానికి ఒక వేదిక కల్పించాయి. దక్కనీ హాస్యంలో పల్లెటూరి పాత్ర పట్నాన్ని చూసి నోరు తెరవడమే కాదు, పట్నం గుట్టు విప్పుతుంది కూడా. ఈ సంప్రదాయంతో తెలుగు పాఠకులకు కలగవలసినంత పరిచయం కలగలేదు.

అన్నిటిలోకి ఎక్కువ చరిత్ర ఉన్న వీధి మాట ఎర్రబస్సు. ఎర్రబస్సెక్కి వచ్చినవా అంటే ఇప్పుడే పల్లె నుంచి దిగావా అని. ఎర్రబస్సు అని ఊరుకుంటే, ఆ మనిషే. నిజాం రాజ్యంలో రైలు శాఖకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. సర్కారే బస్సులు నడపడం అప్పటికి కొత్త సంగతి. అదే చేతులు మారి 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. గౌలిగూడలో విమానాల షెడ్డును పోలిన పెద్ద ఇనుప కప్పు కింద దశాబ్దాలపాటు జిల్లాల బస్సులు ఆగేవి. 1994లో మూసీ నడుమ ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ప్రారంభమయ్యాక దూరపు బస్సులు అక్కడికి మారాయి. గౌలిగూడ షెడ్డు 2018 జూలై 5న కూలిపోయింది. అంటే జిల్లాల మనిషి పట్నంలో మొదట కాలుమోపే చోటు అప్పుడూ ఇప్పుడూ మూసీ ఒడ్డే, పాత గోడకు కూతవేటు దూరంలోనే. దర్వాజా చేసిన పనిని బస్‌స్టేషన్ చేసింది. అక్కడ దిగిన ప్రయాణికుడి చేతిసంచీ, చెప్పులు, అతను దారి అడిగే తీరు చూసి ఆటోవాళ్లు పోల్చుకునేవారు. పల్లెకు చదువూ వైద్యమూ మోసుకొచ్చిన బస్సే ఆ పల్లెవాడికి హేళన పేరు కావడం న్యాయం కాదు. కానీ హేళనకు కంటికి కనిపించే గుర్తు కావాలి, ఎరుపు దూరానికి కనిపిస్తుంది.

తమిళంలో ఇదే పనిని పసుపుసంచి చేసింది. చెన్నైకి పల్లె నుంచి వచ్చినవాడు పసుపురంగు గుడ్డసంచీతో దిగుతాడు గనుక మంజప్పై అన్నది అతని పేరయింది. ఆ పేరుతో 2014లో ఒక తమిళ చిత్రం వచ్చింది. పట్నంలో మనవడి దగ్గరికి వచ్చిన తాత కథ అది. అదే ఏడాది దాసరి నారాయణరావు దాన్ని తెలుగులో తీసినప్పుడు పసుపుసంచి తెలుగువాళ్లకు అర్థంకాదు గనుక ఎర్రబస్సు అని పేరుపెట్టారు. ఒక తిట్టుకు దీటైన మరో తిట్టును వెతికి పట్టుకున్న ఆ పేరు ఏ నిఘంటుకారుడి పనికీ తీసిపోదు. మంజప్పై తర్వాతి కథ మరీ బాగుంటుంది. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులకు బదులు గుడ్డసంచులు వాడమని మళ్లీ మంజప్పై అనే ఉద్యమం మొదలుపెట్టింది. మొరటుతనపు గుర్తు పర్యావరణ స్పృహకు గుర్తయింది. ఎర్రబస్సుకు ఇంకా అలాంటి రోజు రాలేదు.

మనిషిని కాక చోటును చెప్పే మాటల్లో తెలుగు కథల సొత్తు కొంత ఉంది. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి అన్నది పేదరాశి పెద్దమ్మ కథల్లో దూరానికి కొలత. ఎవరికైనా దూరపు ఊరికి బదిలీ అయితే ఇంట్లో ఇప్పటికీ ఈ మాటే వాడతారు. శంకరగిరి మాన్యాలు పట్టించడం అంటే దిక్కులేని చోటికి తరిమేయడం. వాడేవాళ్లలో ఎవరూ ఆ మాన్యాలను పటంలో వెతకరు, వెతకనక్కర లేదు కూడా. అండమాన్ అలా కాదు. 1857 జూలై 17న కోఠీ రెసిడెన్సీ మీద జరిగిన దాడిలో తుర్రెబాజ్ ఖాన్‌తో పాటు ముందునడిచిన మౌల్వీ అలావుద్దీన్‌ను బ్రిటిష్‌వారు అండమాన్‌కే పంపారు. హైదరాబాద్‌లో అండమాన్‌కు పంపుతా అన్న బెదిరింపు వట్టి పోలిక కాదు, ఒకప్పుడు జరిగిన శిక్ష. సర్కారీ ఉద్యోగుల మాటల్లో ఆ స్థానం ఆంధ్రలో ఏజెన్సీకి, తెలంగాణలో ఆదిలాబాద్ అడవులకు దక్కింది. ఏజెన్సీ కూడా దఫ్తరు మాటే. గంజాం, విశాఖ కొండప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా నియమించిన 1839 నాటి చట్టం నుంచి ఆ పేరు వచ్చింది. ఈ మాటల్లో ఒక అన్యాయం ఉంది. గోండులకు, కోయలకు ఆ ఆదిలాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌గానీ, మన్యంగానీ ఊరికి దూరం కాదు, అదే ఊరు. శిక్షగా వచ్చిన ఉద్యోగి అక్కడివాళ్లకు ఎలాంటి సేవ చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఊరి పేరే వర్గం పేరుగా మారిన సందర్భం పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో ఆ పట్టణం మహబూబ్‌నగర్ అయింది. దస్తావేజుల్లో పేరు మారినా కూలి అడ్డాల మీద పాలమూరే నిలిచింది. కరువు తరిమితే దేశమంతటా కాలవలు తవ్వి, కట్టడాలు కట్టిన ఆ జిల్లా జనం పేరు పాలమూరోళ్లు అయ్యేసరికి దాని అర్థం ఫలానా జిల్లావాళ్లని కాక మట్టిపని చేసేవాళ్లని స్థిరపడింది. ఆ మాటను ఆ జిల్లా రచయితలు, గాయకులు తిరిగి తలెత్తుకుని వాడడం తెలంగాణ ఉద్యమకాలంలో పెరిగింది.

పట్నంవాళ్ల నవ్వు తిరిగి పట్నానికే తగిలిన సందర్భాలూ ఉన్నాయి. పాతబస్తీ గర్వంగా మాట్లాడే దక్కనీని ఉత్తరాది ఉర్దూవాళ్లు మొరటు భాషగా చూశారు. 1965 నాటి గుమ్‌నామ్ చిత్రంలో మహమూద్ ఆ యాసతో దేశాన్ని నవ్వించాడు. తెలుగు సినిమా తెలంగాణ యాసను చాలాకాలం హాస్యగాడికీ ప్రతినాయకుడికీ కేటాయించింది. అంతకుముందే తెలంగాణలో కవులే లేరన్న మాట అచ్చులో వచ్చినప్పుడు, 1926 నుంచి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు రాయలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఒక ప్రాంతమంతటినీ మారుమూలగా చూసిన మాటకు అంతకంటే గట్టి జవాబు తెలుగులో మరొకటి రాలేదు.

ఇరవై ఐదేళ్లుగా ఎక్కువ వినిపించే మాట ఇంటీరియర్. మా ఊరు బాగా ఇంటీరియర్ అని పల్లెవాళ్లే చెప్పుకుంటారు. అందరూన్ అన్నా లోపల అనే, ఇంటీరియర్ అన్నా లోపల అనే. గోడ ఉన్న రోజుల్లో లోపల అంటే నగరం నడిబొడ్డు, రాజు ఉండే చోటు. ఇప్పుడు లోపల అంటే రోడ్డు వదిలి, బస్సు దిగి, ఇంకా పోవలసిన చోటు. కేంద్రం కోట నుంచి హైవేకు మారింది, దానితో లోపలా బయటా తారుమారయ్యాయి.

ఆ మార్పు వల్ల ఏ ఊరు దూరమో కూడా మారిపోయింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడి, తర్వాత గచ్చిబౌలిలో స్థిరపడినప్పుడు ఆ చోటు రాళ్లూ పొదలూ నిండిన శివారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థలో కలిసి మహానగర పాలక సంస్థ ఏర్పడింది. ఆ వలయం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఒకప్పుడు అత్రాఫ్‌లో లెక్కించిన పల్లెలు నగరానికి కొత్త అందరూన్ అయ్యాయి. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు చార్మినార్ పండుగల పూట చూసివచ్చే దూరపు చోటు. మెట్రో 2020లో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఇమ్లీబన్ దాకా వచ్చి మూసీ దగ్గర ఆగింది. నదికి ఆవలి పాతబస్తీ, తాను ఒకప్పుడు అజ్లాను చూసిన చూపునే ఇప్పుడు పడమటి హైదరాబాద్ నుంచి ఎదుర్కొంటోంది.

నాటు అన్న మాటకు పట్టిన దశ కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. నాటు అంటే మొరటు, పట్నపు మెరుగు లేనిది. నాటువైద్యం, నాటుసారా అన్నప్పుడు ఆ చులకన అలాగే ఉంది. నాటుకోడి మాత్రం హోటళ్లలో ఫారం కోడి కంటే ఖరీదు. 2023 మార్చిలో ఆ మాటనే రెండుసార్లు పలికే సినిమా పాట ఆస్కార్ గెలుచుకుంది. కొనేవాడు దొరికితే మొరటుతనం రుచిగా మారుతుంది. ఆ లాభం కోడిని పెంచిన ఊరికి ఎంత చేరుతుందన్నది వేరే లెక్క.

పల్లెవాళ్ల వృత్తుల మాటలను ఊరూరా తిరిగి సేకరించే పని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశంతో మొదలైంది. దాని తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. నాగలిలో ప్రతి భాగానికీ ఏ జిల్లాలో ఏ పేరుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. పల్లెను పిలవడానికి పట్నం వాడే మాటలకు కూడా అలాంటి సేకరణ కావాలి. అజ్లా, అత్రాఫ్, బేచిరాగ్ తెలిసిన పాత పట్వారీల తరం, మీరాలం మండిలో బేరాలు విన్న తరం, గౌలిగూడ షెడ్డు కింద టికెట్లు కొట్టిన కండక్టర్ల తరం తరిగిపోతున్నాయి. పాతబస్తీలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఉన్న తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఇద్దరేసి జతలుగా, ఒకరు తెలుగూ మరొకరు దక్కనీ వినగలిగేలా, ఈ పనిని వెంటనే చేపట్టాలి.